వాటాల మొత్తం బిల్లుతో ఎందుకు కలవలేదు: ఖర్చుల పంపకం ప్రోగ్రాములో భిన్నాలు, దశాంశాలు

ఈ కేస్ స్టడీ ఒక సంస్థలో ఉమ్మడి కంప్యూటర్ సేవల ఖర్చును నెలనెలా విభాగాల ఖాతాలకు పంచే ప్రోగ్రాముకు సంబంధించినది. ప్రతి విభాగం ఆ నెలలో ఎంత వాడుకున్నదో మీటరు లెక్క ఉంటుంది. మొత్తం బిల్లును ఆ వాడకాల నిష్పత్తిలో విడగొట్టి ఒక్కో ఖాతాకు ఒక్కో పద్దు రాయడమే ప్రోగ్రాము పని. పంపకం చేసే మాడ్యూల్ పైథాన్‌లో ఉంది, పద్దులు పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో చేరతాయి, అక్కడి నుంచి జావాలో రాసిన ఖాతా పుస్తకం వాటిని తీసుకుంటుంది, విభాగాధిపతులు చూసే రిపోర్టు బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్ ద్వారా తయారవుతుంది. ఒకే మొత్తం ఈ నాలుగు చోట్ల తిరుగుతుంది. నాలుగు చోట్లా దాన్ని దాచే తీరు, రౌండ్ చేసే తీరు వేరు.

ఫిర్యాదు చిన్నదే. వాటాలన్నీ కూడితే బిల్లు మొత్తం రావడం లేదు. కొన్ని నెలల్లో ఒక నూరో వంతు (0.01) ఎక్కువ వచ్చేది, కొన్ని నెలల్లో నాలుగైదు నూరో వంతులు తక్కువ వచ్చేది, అప్పుడప్పుడు సరిగ్గా కలిసేది. బ్యాచ్ (నెల పద్దులన్నీ ఒకేసారి లెక్కించే పరుగు) చివరలో మొత్తాన్ని సరిచూసే తనిఖీ ఒకటి ఉంది. మొదట్లో అది రెండు మొత్తాలు సమానమా అని మాత్రమే చూసేది. బ్యాచ్ తరచూ ఆగిపోతున్నందున తేడా 0.01 లోపు ఉంటే పోనిమ్మన్నారు, తరువాత దాన్ని 0.05 చేశారు, నా దగ్గరకు వచ్చేసరికి అది 1.00 అయి ఉంది. డబ్బు లెక్కలో ఇలా సడలించిన తనిఖీ తనిఖీయే కాదని నా అభిప్రాయం. ఒక నూరో వంతు తేడా వెనుక రౌండింగ్ ఉండవచ్చు, లేదా పెద్ద పద్దు ఒకటి తప్పిపోయి ఇంకొకటి రెండుసార్లు పడి దాదాపుగా రద్దయిపోయి ఉండవచ్చు. సడలింపు ఉన్నంత కాలం ఈ రెండింటినీ వేరుచేసి చూడలేము.

సంస్థలోని ప్రోగ్రామర్లు అప్పటికే ఒక నిర్ధారణకు వచ్చి ఉన్నారు: ఇది ఫ్లోటింగ్ పాయింట్ (సంఖ్యను పరిమితమైన బిట్లలో దాచే తీరు, దాని 64 బిట్ల రూపమే డబుల్) వల్ల వచ్చే తేడా, అన్నింటినీ డెసిమల్ టైపుకు, అంటే దశాంశాలుగానే దాచే రకానికి మారిస్తే పోతుంది. ఆ నిర్ధారణ అబద్ధం కాదు, అసంపూర్ణం. ఇలాంటి కేసుల్లో పని సాగదీసేది ఈ సగం నిజమే, ఎందుకంటే మార్పు చేయగానే కొన్ని తేడాలు నిజంగానే మాయమవుతాయి, మిగిలినవి ఎందుకు మిగిలాయో ఎవరికీ అంతుపట్టదు. అందువల్ల ముందుగా ఏ తేడా ఎక్కడ పుడుతున్నదో విడివిడిగా తేల్చుకున్న తరువాతే కోడ్ ముట్టుకోవాలని నిర్ణయించాము.

డబుల్ వల్ల పుట్టిన తేడాలు

భిన్నాన్ని కనిష్ఠ రూపంలో రాసినప్పుడు హారంలో 2, 5 తప్ప వేరే ప్రధాన కారణాంకం లేకపోతేనే అది అంతమయ్యే దశాంశం అవుతుందని అందరం బడిలో చదువుకున్నాము. అదే సూత్రాన్ని ద్విసంఖ్యామానానికి (కంప్యూటర్ వాడే, 0, 1 అంకెలు మాత్రమే ఉన్న పద్ధతికి) వర్తింపజేస్తే హారంలో 2 తప్ప మరేదీ ఉండకూడదు. 1/10 హారంలో 5 ఉంది కాబట్టి, కాగితం మీద 0.1 అని ముచ్చటగా ముగిసిపోయే సంఖ్య ద్విసంఖ్యామానంలో 0.000110011001100 అంటూ అంతు లేకుండా సాగుతుంది. 1985లో వచ్చిన ఐఈఈఈ 754 ప్రమాణం ప్రకారం 64 బిట్ల డబుల్‌లో సార్థక అంకెలకు 53 బిట్లు దక్కుతాయి. ఆ సాగే వరుసను అక్కడ రౌండ్ చేసి ఆపేయవలసిందే. అలా ఆపగా మెమరీలో నిలిచే విలువ 0.1000000000000000055511151231257827021181583404541015625. భిన్నంగా రాస్తే అది 3602879701896397/36028797018963968, హారం 2 యొక్క 55వ ఘాతం. డబుల్ అంటే ఏదో మసక సంఖ్య అని చాలామంది అనుకుంటారు గాని, ప్రతి డబుల్ కూడా నిక్కచ్చి అయిన ఒక భిన్నమే. మనం అడిగిన భిన్నానికి అది పక్కనున్న భిన్నం, అంతే. రెండు దశాంశ స్థానాల విలువల్లో .00 నుంచి .99 వరకు ఉన్న నూరింటిలో డబుల్‌లో ఉన్నదున్నట్టు ఇమిడేవి .00, .25, .50, .75 అనే నాలుగు మాత్రమే.

ఈ కేసులో దీని ప్రభావం మూడు చోట్ల కనిపించింది. మొదటిది, ఒకే నెల డేటాతో బ్యాచ్‌ను మళ్ళీ నడిపితే మొత్తంలో చివరి అంకెలు మారేవి. డబుల్ కూడికలో వరుస మారితే ఫలితం మారవచ్చు: 0.1కి 0.2 కలిపి ఆ తరువాత 0.3 కలిపితే 0.6000000000000001 వస్తుంది, 0.2, 0.3లను ముందు కలిపి దానికి 0.1 చేరిస్తే 0.6 వస్తుంది. వరుస ఫలానా విధంగా ఉండాలని అడగనప్పుడు డేటాబేస్ తనకు వీలైన వరుసలో పద్దులను ఇస్తుంది, ఆ వరుస ప్రతిసారీ ఒకటే ఉండాలన్న హామీ ఏదీ లేదు. సాధారణంగా ఇంత సూక్ష్మమైన తేడా రెండు స్థానాలకు రౌండ్ చేయగానే పోతుంది గాని, విలువ సరిగ్గా అర్ధం దగ్గర ఉన్నప్పుడు అదే తేడా నూరో వంతును అటో ఇటో తోసేస్తుంది.

రెండవది, ఖాతా పుస్తకం కోడ్‌లో మొత్తాన్ని నూరో వంతుల్లోకి మార్చే ఒక పాత వరుస. విలువను 100తో గుణించి పూర్ణాంకంగా మార్చేవారు. 0.29ని డబుల్‌లో 100తో గుణిస్తే 28.999999999999996 వస్తుంది, పూర్ణాంక మార్పిడి దశాంశ భాగాన్ని కోసేస్తుంది కనుక 29 కావలసినది 28 అవుతుంది. కోత ఎప్పుడూ సున్నా వైపే సాగుతుంది కాబట్టి ఈ తప్పులు ఒకదానికొకటి రద్దు కావు, ఒకే దిక్కుగా పేరుకుపోతాయి. వాంకూవర్ స్టాక్ ఎక్స్ఛేంజ్ సూచీ చరిత్రలో జరిగింది ఇదే. 1982లో 1000 దగ్గర మొదలైన ఆ సూచీని రోజుకు వేల సార్లు తిరిగి లెక్కించేవారు, ప్రతిసారీ మూడు దశాంశాల తరువాతి భాగాన్ని కోసేసేవారు. 1983 నవంబరు నాటికి సూచీ 524.811 అని చూపిస్తుండగా, సరిగ్గా లెక్కించినప్పుడు 1098.892 అని తేలింది. మా కేసులో మొత్తాలు చిన్నవి గనుక నష్టం చిన్నదే, దిక్కు మాత్రం అదే.

మూడవది రౌండింగ్ నియమాల గొడవ, దీని దగ్గర కొంచెం ఆగాలి. పైథాన్ 3లోని రౌండ్ ఫంక్షన్ సరిగ్గా సగంలో ఉన్న విలువను సరిసంఖ్య వైపు తోస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో దశాంశాలను ఉన్నదున్నట్టు దాచే న్యూమరిక్ టైపు సున్నాకు దూరంగా తోస్తుంది. 2.675ను పైథాన్ 2.67 అనడం, డేటాబేస్ 2.68 అనడం చూసి ప్రోగ్రామర్లు ఇది సరిసంఖ్య నియమం మహిమ అని రాసిపెట్టారు. అది కాదు. 2.67లో చివరి అంకె 7, బేసి. సరిసంఖ్య నియమం పాటించినా 2.68 రావాలి. 2.67 రావడానికి కారణం వేరు: డబుల్‌లో ఆ విలువ 2.67499999999999982236431605997495353221893310546875గా నిలిచింది, అంటే అది సగం దాకా చేరనే లేదు. నియమాల తేడాను విడిగా చూడాలంటే డబుల్‌లో సరిగ్గా ఇమిడే విలువతో పరీక్షించాలి. 0.125 అంటే 1/8, హారం 8, పూర్తిగా ఇమిడిపోతుంది. దీన్ని పైథాన్ 0.12 చేస్తుంది, న్యూమరిక్ 0.13 చేస్తుంది. ఇది నియమాల తేడా. 2.675తో వచ్చినది దాచే తీరులోని తేడా. పైకి రెండూ ఒక నూరో వంతే, మందు మాత్రం వేరు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టినంత కాలం ఒకదాన్ని సరిచేస్తే ఇంకొకటి బయటపడుతూనే ఉంటుంది.

డెసిమల్‌కు మార్చాక మిగిలినవి

పైథాన్‌లో డెసిమల్ మాడ్యూల్, జావాలో బిగ్‌డెసిమల్, డేటాబేస్‌లో న్యూమరిక్ కాలమ్‌లు పెట్టి, రౌండింగ్ నియమాన్ని అన్ని చోట్లా ఒకటే చేశాము. మళ్ళీ నడిపితే ఫలితం మారడం ఆగింది. గుణించి కోసే వరుస పోయింది. అయినా వాటాల మొత్తం బిల్లుతో కలవలేదు.

కలవకపోవడం సహజమని ఒక చిన్న ఉదాహరణ చూపిస్తుంది. 100.00 బిల్లును నాలుగు ఖాతాలకు 3:2:1:1 నిష్పత్తిలో పంచాలి. హారం 7, అందులో 2 గాని 5 గాని లేవు, కాబట్టి ఏ వాటా కూడా దశాంశంలో అంతం కాదు. 42.857142…, 28.571428…, 14.285714…, 14.285714… అని వచ్చే వాటిని రెండు స్థానాలకు రౌండ్ చేస్తే 42.86, 28.57, 14.29, 14.29. వీటి మొత్తం 100.01. ఇక్కడ డబుల్ లేదు, ద్విసంఖ్యామానం లేదు, ఏ కూడికా తప్పలేదు. డెసిమల్ టైపు 1/10ని కాపాడగలదు, 1/7ని కాపాడలేదు. బిగ్‌డెసిమల్‌లో రౌండింగ్ చెప్పకుండా 1ని 3తో భాగించమంటే అది లెక్క చేయకుండా ఎక్సెప్షన్ (లోపం జరిగిందన్న సంకేతం) విసురుతుంది. చాలామంది విసుక్కునే ఆ ప్రవర్తన నాకు నచ్చుతుంది, ఎక్కడ రౌండ్ చేయాలో నిర్ణయించవలసినది ప్రోగ్రామరేనని అది మొహం మీదే చెబుతుంది. పైథాన్ డెసిమల్ అలా అడగదు, డిఫాల్ట్‌గా 28 సార్థక అంకెల దగ్గర తనంతట తాను ఆగిపోతుంది.

ఇంతకన్నా పెద్ద తేడా మరొకచోట దొరికింది. ఒక్కో విభాగం వాటాను రెండు దశాంశాల శాతంగా ఒక పట్టికలో దాచి, ఆ శాతంతో బిల్లును గుణించేవారు. 2/7 వాటా పట్టికలో 28.57 శాతం అవుతుంది. 100.00 బిల్లుకు ఇది ఏ ఇబ్బందీ కలిగించదు, 1,00,000.00 బిల్లుకు మాత్రం 28571.43 రావలసినచోట 28570.00 వస్తుంది, అంటే ఒకే ఖాతాలో 1.43 తేడా. సడలింపు 1.00 దాకా ఎందుకు పాకిందో ఇక్కడ అర్థమైంది. మధ్యలో రౌండ్ చేసిన విలువను తరువాతి లెక్కకు ముడిసరుకుగా వాడడమే ఇక్కడి లోపం. మేము శాతాల కాలమ్‌ను లెక్కల నుంచి తప్పించి, రెండు పూర్ణాంకాలను దాచాము: ఆ ఖాతా వాడకం, ఆ నెల మొత్తం వాడకం. అంటే లవం, హారం. శాతం కావాలన్నవారికి రిపోర్టులో చూపిస్తాము, అది చూపడానికే, లెక్కించడానికి కాదు.

మిగిలిన నూరో వంతులను సర్దడానికి పాత కోడ్‌లో ఒక ఉపాయం ఉండేది. అన్ని ఖాతాలకూ రౌండ్ చేసి ఇచ్చి, చివరి ఖాతాకు మొత్తంలో నుంచి మిగిలినది ఇవ్వాలి. ఖాతాలు నాలుగైదు ఉన్నప్పుడు ఇది ఎవరికీ కనిపించదు. 10.00 మొత్తాన్ని 600 ఖాతాలకు సమానంగా పంచవలసి వచ్చిందనుకుందాం. ఒక్కొక్కరికి 1.666… నూరో వంతులు, రౌండ్ చేస్తే 2. మొదటి 599 ఖాతాలకు 11.98 పోతుంది, చివరి ఖాతాకు −1.98 మిగులుతుంది. పద్దుల మొత్తం 10.00తో చక్కగా కలుస్తుంది, తనిఖీ సంతోషంగా ఒప్పుకుంటుంది, ఒక విభాగానికి మాత్రం తాను వాడుకున్నందుకు ఎదురు డబ్బు వస్తుంది. మొత్తం కలవడం ఒక్కటే చాలదని, ప్రతి వాటా తన అసలు భిన్నానికి ఒక నూరో వంతు లోపే ఉండాలని నియమం పెట్టుకున్నది దీన్ని చూశాకే.

ఎంచుకున్న పద్ధతి

పంపకం మాడ్యూల్‌ను పూర్ణాంకాల మీద తిరిగి రాశాము. మొత్తాన్ని నూరో వంతుల్లో పూర్ణాంకంగా తీసుకుని, ప్రతి ఖాతా వాడకంతో గుణించి, మొత్తం వాడకంతో భాగించి, భాగఫలాన్ని వాటాగా ఇచ్చి, శేషాన్ని పారేయకుండా పక్కన పెడతాము. వాటాలన్నీ ఇచ్చాక మిగిలిన నూరో వంతులను పెద్ద శేషం ఉన్న ఖాతాలకు ఒక్కొక్కటి చొప్పున ఇస్తాము. పై ఉదాహరణలోనే చూస్తే, 10000 నూరో వంతులకు 30000/7 భాగఫలం 4285, శేషం 5. 20000/7 భాగఫలం 2857, శేషం 1. మిగిలిన రెండింటికీ 10000/7 భాగఫలం 1428, శేషం 4. భాగఫలాల మొత్తం 9998. మిగిలిన రెండింటిలో ఒకటి శేషం 5 ఉన్న మొదటి ఖాతాకు పోతుంది. రెండవది మూడవ ఖాతాకా, నాలుగవ ఖాతాకా? శేషాలు సమానం, గణితం దగ్గర దీనికి సమాధానం లేదు. మొదటి రూపంలో చిన్న ఖాతా సంఖ్య ఉన్నవారికి ఇచ్చాము, వాటాలు 4286, 2857, 1429, 1428 అయ్యాయి.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు, చట్టసభల్లో సీట్లను జనాభా ప్రకారం పంచడానికి ఎప్పటి నుంచో వాడుతున్నదే. దానికున్న ఒక విచిత్రం కూడా అక్కడే బయటపడింది: 1880 జనగణన తరువాత అమెరికా ప్రతినిధుల సభకు 299 సీట్లయితే అలబామాకు 8, 300 సీట్లయితే 7 వస్తాయని లెక్క తేలింది. మా టెస్టుల్లో ఇది మరో రూపంలో ఎదురైంది. 10 నూరో వంతులను 6:6:2 నిష్పత్తిలో పంచితే 4, 4, 2 వస్తాయి. 11 పంచితే 5, 5, 1. మొత్తం పెరిగితే మూడవ ఖాతాకు వాటా తగ్గింది! బిల్లు పెరిగినప్పుడు ఎవరి వాటా తగ్గకూడదని మేము రాసుకున్న టెస్టు ఒకటి ఇందువల్ల విఫలమయ్యేది. దీన్ని వదిలించుకోవడానికి వేరే పద్ధతులున్నాయి, కాని వాటిలో సాధారణంగా వాడేవాటిలో వాటా తన అసలు భిన్నానికి ఒక నూరో వంతు కంటే దూరం జరగవచ్చు. అలాంటి పద్ధతికీ, శేషాల పద్ధతికీ మధ్య ఒకటి ఎంచుకోవలసి వచ్చింది. ఖాతాదారుడు తన వాటాను తానే కాగితం మీద లెక్క కట్టి సరిచూసుకోగలగడం ముఖ్యం గనుక శేషాల పద్ధతినే ఉంచి, ఆ టెస్టును తీసేసి, తీసేసిన కారణాన్ని నియమాల పత్రంలో రాశాము.

పరుగు మొత్తాన్ని (ఆ ఖాతా వరకు కూడిన మొత్తాన్ని) రౌండ్ చేసి, ముందరి పరుగు మొత్తం తీసివేయగా వచ్చినదాన్ని వాటాగా ఇచ్చే మరో పద్ధతిని కూడా పరిశీలించాము. కోడ్ రెండు వరుసలే, మొత్తం ఎప్పుడూ కలుస్తుంది. కాని ఖాతాల వరుస మారితే వాటాలు మారతాయి. పద్దుల వరుస మీద ఆధారపడే లెక్కల వల్ల అప్పటికే తగినంత ఇబ్బంది పడి ఉన్నందున దాన్ని పక్కన పెట్టాము.

రద్దు పద్దులు

బిల్లు తప్పు పడినప్పుడు అదే మొత్తాన్ని రుణ సంఖ్యగా పంచి రద్దు చేస్తారు. కొత్త మాడ్యూల్‌ను −10000తో నడిపినప్పుడు మొత్తం సరిగ్గా −10000 వచ్చింది, తనిఖీ ఒప్పుకుంది, కాని రెండు ఖాతాల్లో నిల్వ సున్నా కాలేదు. కారణం భాగహారంలో ఉంది. పైథాన్‌లో పూర్ణాంక భాగహారం కింది పూర్ణాంకానికి దిగుతుంది. −30000ని 7తో భాగిస్తే −4286, శేషం 2. జావాలో అయితే సున్నా వైపు కోస్తుంది. −4285, శేషం −5. పైథాన్ లెక్క ప్రకారం నాలుగు భాగఫలాలు −4286, −2858, −1429, −1429, శేషాలు 2, 6, 3, 3. భాగఫలాల మొత్తం −10002, కాబట్టి రెండు నూరో వంతులు తిరిగి ఇవ్వాలి. ఒకటి శేషం 6 ఉన్న రెండవ ఖాతాకు, మరొకటి సమాన శేషాల్లో ముందున్న మూడవ ఖాతాకు. వాటాలు −4286, −2857, −1428, −1429. అసలు పద్దులతో కలిపితే మూడవ ఖాతాలో +1, నాలుగవ ఖాతాలో −1 మిగిలిపోతాయి.

మొత్తాల తనిఖీకి ఇది ఎప్పటికీ కనిపించదు, ఎందుకంటే ఆ రెండూ ఒకదానితో ఒకటి రద్దయిపోతాయి. గుర్తును పక్కన పెట్టి ధన విలువను పంచి, చివరలో గుర్తు అతికించడం దీనికి పరిష్కారం. అప్పుడు భాషను బట్టి భాగహారం ఎలా ప్రవర్తిస్తుందన్న ప్రశ్న కూడా తలెత్తదు. జావా వైపున ఇదే లెక్కను మళ్ళీ రాయబోతున్నవారు ఉన్నారు గనుక ఈ ఒక్క జాగ్రత్త చాలా పని తప్పించింది.

అంచెలంచెల పంపకం

విభాగానికి వచ్చిన వాటాను ఆ విభాగం తన ఉపశాఖలకు మళ్ళీ పంచుకుంటుంది. ఇక్కడ నిజమైన భిన్నాల టైపు వాడాలా అన్న చర్చ వచ్చింది. పైథాన్‌లో ఫ్రాక్షన్ టైపు లవ హారాలను పూర్ణాంకాలుగా ఉంచి, గరిష్ఠ సామాన్య భాజకంతో కుదించుకుంటూ, ఏ అంచెలోనూ ఏమీ పోగొట్టకుండా లెక్కిస్తుంది. సొంపుగానే ఉంటుంది, కాని హారాలు పెరిగే వేగాన్ని తేలికగా తీసుకోకూడదు. 1 + 1/2 + 1/3 అంటూ 1/10 వరకు కూడితే 7381/2520 వస్తుంది. 1/20 వరకు వెళితే 55835135/15519504. ప్రతి ఖాతాకూ వేరే హారం ఉన్న నెలల తరబడి లెక్కను ఇలా మోయలేము. మా కేసులో ఒక్కో పంపకంలో హారం ఒకటే కాబట్టి పూర్ణాంక భాగహారం, శేషం సరిపోయాయి. ఫ్రాక్షన్‌ను టెస్టుల్లో సరిచూసే కొలబద్దగా మాత్రమే ఉంచాము. 7.5 శాతం సర్‌చార్జి లాంటి రేట్లను కూడా 3/40 అనే లవ హారాలుగానే దాస్తాము.

అసలు ప్రశ్న టైపు గురించి కాదు, ఏ అంచెలో రౌండ్ చేయాలి అన్నది. బిల్లు నుంచి నేరుగా ఉపశాఖకు భిన్నం కట్టి ఒకేసారి రౌండ్ చేస్తే ఉపశాఖకు అత్యంత సమీపమైన విలువ వస్తుంది, కాని ఆ విభాగపు ఉపశాఖల మొత్తం విభాగం రిపోర్టులో అచ్చయిన వాటాతో కలవకపోవచ్చు. పై అంచెలో పూర్ణాంకంగా తేలిన వాటానే కింది అంచెలో పంచితే ప్రతి కాగితమూ తనలో తాను కలుస్తుంది, కాని ఉపశాఖ అసలు భిన్నం నుంచి కొంచెం ఎక్కువ జరుగుతుంది. ఖాతా పుస్తకంలో ప్రతి అంచెకూ సంతకం పెట్టే మనిషి ఉన్నాడు గనుక రెండవదాన్ని ఎంచుకున్నాము. నిర్ణయం ఖాతాల విభాగం వారిదే. దాన్ని ప్రోగ్రామర్లకు వదిలేయడం వల్లనే పాత కోడ్‌లో మూడు చోట్ల మూడు రకాలుగా రౌండింగ్ చేరింది.

రవాణా, పాత డేటా

మాడ్యూళ్ళ మధ్య సందేశాలు జేసన్ అనే అక్షర రూపంలో వెళతాయి. మొత్తాన్ని సంఖ్యగా పంపితే బ్రౌజర్ దాన్ని డబుల్‌గా చదువుతుంది, అప్పటి వరకు పడిన శ్రమ అంతా ఆ ఒక్క అడుగులో పోతుంది. నూరో వంతుల పూర్ణాంకంగా పంపినా 2 యొక్క 53వ ఘాతం, అంటే 9007199254740992 దాటిన విలువల్లో కొన్ని అక్కడ ఇమడవు. 9007199254740993 పంపితే 9007199254740992గా చదువుతుంది. మొత్తాలు అంత దూరం పోకపోవచ్చు గాని, గుణకారం మధ్యలో వచ్చే విలువలు పోవచ్చు. మొత్తాన్ని అక్షరాల వరుసగా, ఎన్ని దశాంశ స్థానాలో కూడా చెప్పి పంపుతున్నాము. స్థానాల సంఖ్యను విడిగా చెప్పడం అతి జాగ్రత్త కాదు. జపాన్ యెన్‌కు చిల్లర స్థానాలు లేవు, కువైట్ దినార్‌కు మూడున్నాయి, కాబట్టి 100 అనే గుణకాన్ని కోడ్‌లో పాతిపెట్టకూడదు.

పాత డబుల్ కాలమ్‌లను మార్చేటప్పుడు ఒక చిక్కు వచ్చింది. బిగ్‌డెసిమల్‌కు డబుల్‌ను నేరుగా ఇస్తే 0.1 బదులు పైన చూపిన ఆ 55 అంకెల విలువ మొత్తం దిగుతుంది. డబుల్‌ను ముందు దాని అతి పొట్టి దశాంశ రూపంలోకి మార్చి ఇస్తే 0.1 వస్తుంది. కాని పాత కూడికల ఫలితంగా నిలిచిన 0.30000000000000004 లాంటి విలువలకు పొట్టి రూపం కూడా చెత్తనే మోసుకొస్తుంది, వాటిని రెండు స్థానాలకు రౌండ్ చేయక తప్పదు. రౌండ్ చేసిన ప్రతి పద్దుకూ పాత విలువ, కొత్త విలువ ఒక పట్టికలో ఉంచాము. పాత నెలల పద్దులను తిరగరాయలేదు; అప్పటికే సంతకాలు పడిన లెక్కలవి. వాటి తేడాల మొత్తాన్ని ఒకే సర్దుబాటు పద్దుగా ఖాతాల విభాగం రాసుకుంది. జావా వైపున మరొక చిన్న విషయం: బిగ్‌డెసిమల్‌లో ఈక్వల్స్‌తో పోల్చితే 2.0, 2.00 వేర్వేరు, కంపేర్‌టుతో పోల్చితే సమానం. పాత తనిఖీని తిరిగి బిగించినప్పుడు మొదటి పరుగులోనే ఇది పట్టుబడింది.

ఇంతా చేసి డబుల్‌ను మొత్తంగా తరిమేయలేదు. వాడకం మీటర్ల సగటులు, గ్రాఫులు, వచ్చే నెల అంచనాలు ఇప్పటికీ డబుల్‌లోనే నడుస్తున్నాయి, నడవాలి కూడా. కొలతకు తనదైన పొరపాటు ఎలాగూ ఉంటుంది, పదిహేనవ సార్థక అంకెలో వచ్చే తేడా దానికి అడ్డం కాదు. పద్దుగా మారే విలువకే ఈ నియమాలు.

టెస్టులు, సమాన శేషాల తగాదా

కొత్త మాడ్యూల్‌కు విడి ఉదాహరణలతో పాటు యాదృచ్ఛిక డేటాతో నాలుగు గుణాలను పరీక్షిస్తాము: వాటాల మొత్తం బిల్లుకు ఖచ్చితంగా సమానం కావాలి, ప్రతి వాటా ఫ్రాక్షన్‌తో లెక్కించిన అసలు విలువకు ఒక నూరో వంతు లోపు ఉండాలి, ఖాతాల వరుసను ఎలా తారుమారు చేసినా ఫలితం మారకూడదు, మొత్తం గుర్తు మారితే ప్రతి వాటా గుర్తు మాత్రమే మారాలి. బ్యాచ్ చివరి తనిఖీలో సడలింపును తీసేసి మళ్ళీ సమానత్వమే పెట్టాము.

ఉపయోగంలోకి వచ్చాక వచ్చిన ఫిర్యాదు ఒకటే, అదీ సమాన శేషాల గురించి. రెండు విభాగాలకు స్థిరమైన సమాన వాడకం ఉంది, మిగిలిన నూరో వంతు ప్రతి నెలా చిన్న ఖాతా సంఖ్య ఉన్న విభాగం మీదే పడుతున్నది. మొత్తం లెక్కిస్తే నామమాత్రమే, కాని అడిగినవారి మాటలో న్యాయం ఉంది. యాదృచ్ఛికంగా ఇద్దామని ఒక సూచన వచ్చింది. మళ్ళీ నడిపినప్పుడు అదే ఫలితం రావాలి కాబట్టి అది కుదరదు. చివరకు, సమాన శేషం ఉన్న ఖాతాలను ఖాతా సంఖ్య వరుసలో పేర్చి, నెల క్రమ సంఖ్యను ఆ ఖాతాల సంఖ్యతో భాగించగా వచ్చిన శేషం ఎన్నో స్థానాన్ని చూపిస్తే అక్కడి నుంచి పంచడం మొదలుపెడుతున్నాము. రద్దు పద్దులు ఏ నెలలో రాసినా అసలు బిల్లు నెల సంఖ్యనే వాడాలి, లేకపోతే మూడవ, నాలుగవ ఖాతాల్లో ఆ +1, −1 మళ్ళీ ప్రత్యక్షమవుతాయి. అందుకని నెల క్రమ సంఖ్యను కూడా ఇప్పుడు పద్దుతో పాటే డేటాబేస్‌లో దాస్తున్నాము.